సీతాఫలాల అక్క కౌన్సిలు మెంబరైన రోజు

మా కాలంలో ఉద్యోగం ఇచ్చే పెద్దమనిషి ఎదురుగా కూర్చుని "ఇది నీకు వచ్చా" అని అడిగితే, రాదని చెప్పడం ఒక విధమైన అమర్యాద అని మా కుర్రకారు నమ్మకం. ఇచ్చేవాడు ఇస్తానంటుంటే పుచ్చుకునేవాడు చేతులు వెనక్కి కట్టుకుంటే ఏం బాగుంటుంది? ఈత వచ్చా అంటే వచ్చేది. ఇంగ్లీషులో ఉత్తరాలు రాస్తావా అంటే రాసేవాళ్లం. హార్మోనియం వాయిస్తావా అంటే వాయించేవాళ్లం (నాతో చదివిన ఒకడు ఈ ప్రశ్నకు తల ఊపి ఉద్యోగంలో చేరి, పెట్టె చెడిపోయిందని చెబుతూ మూడేళ్లు నెట్టుకొచ్చాడు). నా వంతుకు వచ్చిన ప్రశ్న షార్ట్‌హ్యాండ్.

నేను పుట్టి పెరిగింది ఆలేరులో. మా నల్గొండ దిక్కున సాగర్ డ్యాం ఇంకా కడుతున్న రోజులవి. నేను బి.ఏ. పూర్తి చేసి ఇంట్లో కూర్చుంటే, మా బాపు రోజూ పొద్దున్నే స్టేషన్ దాకా నడిచి పట్నం పేపరు తెచ్చి, నౌకరీల పేజీ పైకి వచ్చేట్టు మడిచి నా కంచం పక్కన పెట్టేవాడు. నోటితో ఒక్క మాట అనేవాడు కాదు. ఆ మడత చూస్తే నాకు ముద్ద దిగేది కాదు. ఒక రోజు ఆ మడతలోనే కనిపించింది: మహబూబ్‌నగర్ జిల్లాలో, షాద్‌నగర్ దాటాక రైలు లైను మీద ఉన్న చిన్న టౌనులో, మిషన్ వాళ్ల మగపిల్లల హైస్కూలుకు తెలుగు చెప్పే సారు కావాలి, షార్ట్‌హ్యాండ్ తెలిస్తే మరీ మంచిది. సికింద్రాబాదులో నా మిత్రుడొకడు షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటుంటే, అతనికి తోడుగా మూడు సాయంత్రాలు వెనక బెంచీ మీద కూర్చుని పల్లీలు తిన్న అనుభవం నాకు ఉంది. అది చాలనుకుని రైలెక్కాను.

హెడ్ సారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరికో క్షమాపణ చెప్పబోతున్నట్టు ముందుకు వంగి ఉండే మనిషి. ఆ బడిలోనే చదివి, ఆ బడిలోనే సారై, ఆ బడికే హెడ్డైనవాడు. "షార్ట్‌హ్యాండ్ వస్తదా?" అన్నాడు. "వస్తది సార్" అన్నాను. "స్పీడెంత?" నాకేం తెలుసు? "మాట్లాడే మనిషిని బట్టి ఉంటది సార్" అన్నాను. ఆ జవాబులో ఆయనకు ఏదో లోతు కనిపించింది. కాసేపు తలాడించి, "ఏడాది దాంక టెంపరరీ. కౌన్సిల్ మీటింగుల మాటలన్నీ నువ్వే రాయాలె" అని ఆర్డరు చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి చెబితే మా బాపు ఆలేరు బజారంతా తిరిగి "మావోనికి దొర బడిల నౌకరి అయింది" అని కనబడ్డవాళ్లకల్లా చెప్పి వచ్చాడు. వెనక్కి పోయే దారి అక్కడితో మూసుకుపోయింది.

దొర బడి అని ఊరు పెట్టిన పేరు. ఆంగ్లికన్ మిషన్ పాదిరి ఒకాయన నిజాముల కాలంలో గుర్రమెక్కి వచ్చి, జాగీర్దారు వదిలేసిన గుర్రాల కొట్టంలో నలుగురు పిల్లలతో మొదలుపెట్టాడని చెబుతారు. (పాదిరి నిజానికి తన గుర్రాన్ని కట్టేసుకోవడానికే జాగా అడిగాడనీ, జాగీర్దారు సరిగా వినక బడి కోసం ఇచ్చాడనీ ఊళ్లో ఇంకో కథ ఉంది. నాకు రెండోదే నిజమనిపిస్తుంది.) నేను చేరేనాటికి ఆ కొట్టం చుట్టూ రాతి గోడల తరగతులు, గంట కట్టిన మేడ, వెనక చిన్న చర్చి లేచాయి. పాదిరి పోయి చాలా కాలమైంది. బడిని నడిపేది కౌన్సిలు. దానికి అధ్యక్షుడు బిషపుగారు. ఆయనది అరవదేశం, తెలుగు అంతగా రాదు. పెత్తనం మాత్రం హైదరాబాదులో రిటైరైన ఒక జడ్జిగారిది. ఆయనకు ఉర్దూ, ఇంగ్లీషు రెండు కళ్లు, తెలుగు మూడోది, అది ఎప్పుడూ తెరిచింది లేదు. ఇంకొకరు మిస్సమ్మ. ఇంగ్లండు నుంచి పడుచు వయసులో వచ్చి, ఆడపిల్లల బడి నడిపి, రిటైరై ఇక్కడే చిన్న బంగళాలో ఉండిపోయిన ముసలావిడ. తెలుగు వ్యాకరణం చదివి నేర్చుకున్నదేమో, పాలవాడితో కూడా "నీవు నిన్న ఏల రాలేదు" అని మాట్లాడేది.

ఆ ఏడు సీతాఫలాలు పండే వేళకు ఒక పిడుగులాంటి కబురు వచ్చింది. ఊళ్లో సర్కారు హైస్కూలు తెరిచారు కనుక, మా ఎనిమిదో తరగతి నుంచి పై క్లాసులన్నీ ఎత్తి సికింద్రాబాదు మిషన్ స్కూలులో కలపాలని జడ్జిగారి ప్రతిపాదన. తీర్మానం చేయడానికి బిషపుగారే స్వయంగా వస్తున్నారు. పై క్లాసులు పోతే నా ఉద్యోగం పోతుంది. అంతకంటే పెద్ద సంగతి, హెడ్ సారు ముఖం చూడలేకపోయాము. ఆయన నన్ను పిలిచి, "బడి చరిత్ర ఇంగ్లీషుల రాయి. మీటింగుల చదువు. విన్నంక పెద్దోళ్ల మనసు జర కరుగుతదేమో" అన్నాడు. వానాకాలంలో తడిసిన గోడలాగా ఉంది ఆ గొంతు. నేను ఉద్రేకపడిపోయి, చరిత్రంటే ఏమిటో చూపిస్తానని ఆఫీసు గదిలోని ఇనుప పెట్టె తెరిచాను. చెదలు తిన్నవి పోగా చేతికి వచ్చిన కాగితాల్లో పాదిరి స్వహస్తంతో ఇంగ్లీషులో రాసిన బడి నియమావళి ఒకటి ఉంది. అందులో ఒక నియమం నాకు తెగ నచ్చింది. బడిలో చదివే పిల్లల కన్నవారు తమలో ఒకరిని ఎన్నుకుని కౌన్సిలుకు పంపాలట. ఆ ఒక్కరు ఎదురుగా ఉండి ఒప్పుకుంటే తప్ప బడిని కానీ, అందులో ఏ భాగాన్ని కానీ కదిలించే తీర్మానం చెల్లదట. ఆ స్థానంలో ఎవరినీ కూర్చోబెట్టిన జాడ నాకు ఏ కాగితంలోనూ కనిపించలేదు. ఎంత ఉదారమైన హృదయం అని మెచ్చుకుని, ఆ నియమాన్ని నా చరిత్రలో ఒక పువ్వులాగా గుచ్చాను. అది పువ్వు కాదు, మందుపాతర అని నాకు తట్టలేదు. ఈ మాట ఎవరూ నమ్మరు కానీ, నిజం.

మీటింగు రోజున మేడ మీద గదిలో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నారు. బిషపుగారి తిరుగు రైలు సాయంత్రం అయిదుకు. నేను లేచి చరిత్ర చదివాను. గుర్రం దగ్గర బిషపుగారు నవ్వారు, ఊరికి కలరా వచ్చిన ఏటి సంగతి దగ్గర మిస్సమ్మ కళ్లద్దాలు తుడుచుకుంది. నాకు హుషారు వచ్చి ఆ నియమాన్ని గొంతు పెంచి చదివాను. జడ్జిగారి చేతిలోని చాయ్ కప్పు నోటికీ సాసరుకూ మధ్య ఆగిపోయింది.

"ఆ మాట మళ్లీ చదవండి" అన్నారు.

చదివాను. హెడ్ సారు నా వైపు చూసిన చూపులో సగం భయం, సగం దండం. జడ్జిగారు నియమావళి తెప్పించుకుని స్వయంగా చూశారు. జీవితమంతా కాగితానికి కట్టుబడిన మనిషి, కాగితంలో ఉన్నదాన్ని లేదనలేడు. "సరే, ఒక తండ్రిని పిలిపించండి. విన్నానని, ఒప్పుకున్నానని చెబితే చాలు. మిగతా తల్లిదండ్రులు ఎన్నుకున్నట్టు నలుగురి సంతకాలు తెండి. గంటలో అయిపోవాలి" అన్నారు. బియ్యం మిల్లు సేటు కొడుకు మా బడిలోనే చదువుతున్నాడనీ, సేటు ఏ కాగితం మీదైనా చదవకుండా సంతకం పెట్టే మంచివాడనీ జడ్జిగారికి తెలుసు. "పరుగెత్తు" అన్నాడు హెడ్ సారు. నేను పరుగెత్తాను.

సేటు జడ్చర్ల మార్కెట్‌కు పోయాడు. సేటు తమ్ముడికి పిల్లలు లేరు. కిరాణా కొట్టాయన కొడుకు మా బడిలో చదివేవాడే కానీ, నెల కిందటే సర్కారు బడికి మారాడు (కారణం నా తెలుగు పాఠమేనని ఆయన మొహం మీదే చెప్పాడు). ఎండకు కళ్లు తిరుగుతుండగా నాకు స్టేషన్ గుర్తొచ్చింది. మధ్యాహ్నం కర్నూలు బండి వచ్చే వేళకు ఊళ్లో సగం మంది అక్కడే ఉంటారు. వెళ్లి చూస్తే పాయింట్స్‌మన్, ఇద్దరు హమాలీలు, చాయ్ అమ్మే సాయిబు, సీతాఫలాల గంపతో తొమ్మిదో తరగతి పిల్లవాడి తల్లి. అయిదుగురూ మా బడి పిల్లల కన్నవాళ్లే. నేను రొప్పుతూ విషయం చెప్పాను. మగవాళ్లు నలుగురూ ఒకరి వెనక ఒకరు నక్కే ప్రయత్నం చేశారు.

"బిషపు ముంగట కూసునుడా? నాతోటి కాదు సారూ" అన్నాడు పాయింట్స్‌మన్. "నేను పోతె బండికి దారెవడు మారుస్తడు?"

"అక్కను పంపుండ్రి" అన్నాడు సాయిబు. "టీసీతోటే కొట్లాడి గెలుస్తది. బిషపెంత?"

నలుగురూ ఒక్కసారే చెయ్యి ఎత్తి, నేనిచ్చిన కాగితం మీద సంతకాలూ పెట్టేశారు. ఎన్నిక ఇంత త్వరగా ముగియడం నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు. సీతాఫలాల అక్క మాత్రం గంప మీద గుడ్డ సర్దుతూ కదలలేదు. "నా కొడుకు బడి ముచ్చటంటే వస్త. గని బండి పోయినంకనే వస్త. ఇయ్యాల్టి కాయ రేపటికి మెత్తబడ్తది" అంది. "అక్కా, బిషపుగారు కూర్చున్నరు" అన్నాను. "కూసోనియ్యి. కుర్చీ ఉన్నది గద" అంది.

బండి ఇరవై నిమిషాలు ఆలస్యం. ఆ ఇరవై నిమిషాల్లో నేను ప్లాట్‌ఫారం మీద ఎన్ని మైళ్లు నడిచానో తెలియదు. బండి రాగానే ఆమె కిటికీ కిటికీకీ పరుగు, ఆమె వెనక నా పరుగు. మూడో పెట్టె దగ్గర ఆమె నా చేతిలో నాలుగు కాయలు పెట్టి "ఆ కిటికీల ఇయ్యి" అంటే ఇచ్చాను, "పైసలు తీస్కో" అంటే తీసుకున్నాను. బి.ఏ. చదివిన నా చేత ఆ రోజు సీతాఫలాలు అమ్మించింది, అవీ బాగానే అమ్ముడుపోయాయి. బండి కూత వేసి కదిలాక, గంపలో మిగిలిన డజను కాయలతో సహా ఆమె నా వెంట బయలుదేరింది.

మేడ మెట్లెక్కి గదిలోకి వచ్చి, గంప గోడవారగా దించి, అందరికీ దండం పెట్టి, చూపించిన కుర్చీలో నిటారుగా కూర్చుంది. జడ్జిగారు ఆమెను, గంపను, నన్ను వరుసగా చూసి, "కన్నవారంటే తండ్రి అని అర్థం" అన్నారు. మిస్సమ్మ ఆయన వైపు చూడకుండానే, "పాదిరిగారి ఇంగ్లీషులో ఆ మాటకు తల్లి అని కూడా అర్థం. నేను ఆ భాష పుట్టిన దేశం నుంచే వచ్చాను" అంది. బిషపుగారు గడియారం చూసి కానివ్వమన్నారు.

అసలు ఉత్కంఠ అప్పుడు మొదలైంది. జడ్జిగారు ఇంగ్లీషులో ఒక్కో వాక్యం చదువుతారు, నేను తెలుగులో చెప్పాలి, ఆమె ఏమన్నదో ఇంగ్లీషులో చెప్పాలి, ఇదంతా షార్ట్‌హ్యాండులో రాసుకోవాలి. నా నోటుబుక్కులో లతలు, నెలవంకలు, ముగ్గు చుక్కలు ధారాళంగా పడుతున్నాయి. పక్కన మిస్సమ్మ కూర్చుని ఉంది. పెద్ద క్లాసులు పట్నానికి తరలిస్తారని చెప్పాను. ఆమె "ఊఁ" అంది. ఊళ్లో సర్కారు బడి వచ్చింది గనుక ఇక్కడ ఇంకొకటి అక్కర్లేదని చెప్పాను. "ఊఁ." పిల్లలు అక్కడ హాస్టల్లో ఉంటారని చెప్పాను. "ఊఁ." అంతే, జడ్జిగారు కలం మూత పెట్టేశారు. "ఆమె మూడుసార్లు ఒప్పుకుంది. రాసుకోండి" అన్నారు.

"ఏందంట?" అంది అక్క.

"నువ్వు ఒప్పుకున్నవంటున్నరు."

"ఎవలు ఒప్పుకున్నరు? చెప్తాంటే ఇంటున్న. ఊఁ కొట్టకపోతె చెప్పేటోనికి ఎట్ల తెలుస్తది?" అని కుర్చీ ముందుకు జరిపింది. "ఓ పెద్దసారూ, ఈ స్టేషన్ల నా తీర్న ఇంకో ముగ్గురు ఫలాలు అమ్ముతరు. వాళ్లొచ్చిండ్రని నేను గంప ఎత్తిపెట్టిన్నా? సర్కారు బడొస్తె రానీ. మా పిల్లలు మస్తుగున్నరు, రెండు బళ్లకూ సరిపోతరు. నా కొడుకు పొద్దుగాల పోయి పొద్దూకి ఇంటికొస్తడు. తిన్నడా లేదా, సదివిండా లేదా, నేను సూస్త. పట్నంల ఎవలు సూస్తరు? నువ్వు సూస్తవా?"

నేను అనువదించాను. "నువ్వు సూస్తవా"ను కూడా వదలలేదు. జడ్జిగారు ఎర్రబడ్డారు. అంగీకారం ముందే నమోదైందని, తరువాత మాట మార్చడం చెల్లదని వాదించారు. బిషపుగారు ఇద్దరినీ చూసి, చేయి ఎత్తి, ప్రశాంతంగా నాకు మరణశిక్ష వేశారు. "మన సారు షార్ట్‌హ్యాండులో అంతా రాసుకున్నారు కదా. ఉన్నది ఉన్నట్టు చదవమనండి."

నోటుబుక్కు పైకెత్తాను. ఒక నెలవంక, దాని కింద మూడు చుక్కలు, పక్కన నాకు తెలియకుండానే గీసిన సీతాఫలం. ఆలేరు బజారులో మా బాపు నడుస్తున్నట్టు కళ్లకు కట్టింది. "సభ... మొదలైనది" అన్నాను. "తరువాత?" అన్నారు జడ్జిగారు. తరువాత దగ్గు తెచ్చుకున్నాను. ఎంతసేపు దగ్గగలడు మనిషి? "ఇలా ఇవ్వండి" అని ఒక ముడతల చెయ్యి నా చేతిలోంచి పుస్తకం లాక్కుంది. మిస్సమ్మ. ఇంగ్లండులో ఉండగా ఆవిడ ఆఫీసులో షార్ట్‌హ్యాండు పని చేసిందని బిషపుగారు పక్కవారికి చెబుతుంటే నా చెవిన పడింది. నేను కళ్లు మూసుకున్నాను.

ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని మొదటి పేజీ చూసింది. రెండో పేజీ చూసింది. సీతాఫలం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. తరువాత, వేలితో గీత గీతనూ తాకుతూ, గంట కొట్టినట్టు స్పష్టంగా చదవడం మొదలుపెట్టింది. జడ్జిగారు చదివిన వాక్యాలు, నా తెలుగు, అక్క జవాబులు, ఒక్క ముక్క పొల్లుపోకుండా. "ఇక్కడ జడ్జిగారు చాయ్ తాగారు" అని కూడా చదివింది. ఊఁ దగ్గరికి వచ్చి, "రాసిన సారు ఇక్కడ ఒక వివరణ చేర్చారు: ఈ జిల్లాలో ఊఁ అంటే వింటున్నాను, చెప్పండి అని మాత్రమే అర్థం" అని చదివి పుస్తకం మూసింది. జరిగినదంతా అక్షరాలా నిజం. కాగితం మీద లేదు, అంతే.

బిషపుగారు నియమావళి తెరిచి ఆ నియమం మీద వేలు పెట్టారు. ఆ తరువాత కన్నవారి ప్రతినిధి ఒప్పుకోలేదు కాబట్టి తీర్మానం చెల్లదని ప్రకటించారు. హెడ్ సారు లేచి నిలబడి, ఎందుకు లేచాడో మరిచిపోయి, మళ్లీ కూర్చున్నాడు. అక్క ఏం జరిగిందని అడిగి తెలుసుకుని, గంప బల్ల మీదికి ఎక్కించింది. కౌన్సిలు సభ్యులంతా సాసర్లలో గింజలు ఊస్తూ సీతాఫలాలు తిన్నారు. జడ్జిగారు మొదట వద్దన్నారు, ఆనక రెండు తిన్నారు. రైలు అందుకోవడానికి బిషపుగారు పరుగు లాంటి నడక నడవాల్సి వచ్చింది. ఆ ప్రతిపాదన మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

అందరూ దిగిపోతుంటే మిస్సమ్మ నన్ను ఆపి నోటుబుక్కు తిరిగి ఇచ్చింది. "మీ లిపి మిక్కిలి స్వతంత్రమైనది" అంది. నేను తల దించుకున్నాను. "సోమవారము సాయంకాలము అయిదు గంటలకు నా ఇంటికి రండి. పెన్సిలు తెచ్చుకొనుడు." ఏడాదిపాటు ఆవిడ నాకు నిజమైన షార్ట్‌హ్యాండు నేర్పింది. తప్పు పోతే స్కేలుతో వేళ్ల మీద కొట్టేది కూడా. ఆ రోజు సంగతి మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు.

అక్కకు తోడుగా, ఆమె ఖాళీ గంప నా తల మీద పెట్టుకుని, పట్టాల వెంట గెంతుతూ స్టేషన్ దాకా వెళ్లాను. "నిజం చెప్పు సారూ, గా బుక్కుల ఏం రాసినవ్?" అంది దారిలో. "ఏం రాయలె అక్కా. గీతలు గీసిన" అన్నాను. ఆమె ఆగి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "గట్లనా? గా దొరసానమ్మ ఎంత పట్టి పట్టి సదివిందో" అంది. నేనూ నవ్వాను. పట్టాల పక్కన పొద్దు కుంకుతోంది.

ఆ తరువాత ఆ బడిలోనే తెల్లజుట్టు వచ్చేదాకా పాఠాలు చెప్పాను. ఇప్పుడు ఏ దరఖాస్తులోనైనా రానిదాన్ని రాదనే రాస్తాను, రెండుసార్లు చదివి గానీ సంతకం పెట్టను, ఎవరైనా పరుగెత్తమంటే మోకాళ్ల సంగతి చెబుతాను. బుద్ధిమంతుణ్ణే అయ్యాను. కానీ ఒక్కోసారి సాయంత్రం పూట, అబద్ధం పట్టుబడలేదన్న సంబరమూ, బడి నిలిచిందన్న సంబరమూ విడదీయలేక, తల మీద గంపతో పట్టాల వెంట గెంతుతూ పోయిన ఆ ఇరవై రెండేళ్లవాడిని తలుచుకుంటాను. వాడు నా చేత పాఠాలు చెప్పించుకోవడానికి దొరికితే గట్టిగా చెవి మెలిపెడతాను. మెలిపెట్టాక, ఆ నడక ఎలా నడిచావురా అని అడుగుతాను.